అబెబె బికిలా

అబెబె బికిలా (1932 ఆగష్టు 7 - 1973 అక్టోబర్ 25) ఇథియోపియా దేశానికి చెందిన సుప్రసిద్ధ మారథాన్ పరుగు క్రీడాకారుడు. ఒలింపిక్ క్రీడలలో మారథాన్ పరుగును రెండు పర్యాయములు గెలిచిన మొట్టమొదటి వ్యక్తి ఇతడే. 1960లో రోమ్ నగరంలో కాళ్ళకు బూట్లు లేకుండా 42.195 కిలోమీటర్లు పరుగెత్తి స్వర్ణపతకం సాధించాడు. 1964లో టోక్యో నగరంలో బూట్లు ధరించి పరుగెత్తి మరల స్వర్ణపతకం సాధించాడు. రెండు సందర్భాలలోనూ అప్పటివరకు ప్రపంచంలో నమోదైన అత్యుత్తమ సమయాన్ని అధిగమించాడు. ఆఫ్రికా ఖండపు నల్లజాతి క్రీడాకారులలో ఒలింపిక్ స్వర్ణపతకం పొందిన మొదటివాడు కూడా ఇతడే. 1969లో కారు ప్రమాదంలో రెండు కాళ్ళూ చచ్చుబడిపోగా, చక్రాల కుర్చీలో ఉండి కూడా క్రీడలలో పాల్గొన్నాడు. బూట్లు లేకుండా లేదా సన్నని అడుగు గల బూట్లతో పరుగెత్తడం ఆరోగ్యానికి మంచిదా కాదా అనే చర్చ వచ్చినప్పుడల్లా ఇతని పేరు వినిపిస్తుంది.

ఇథియోపియాలో మనవలె ఇంటిపేర్లు ఉండవు. వ్యక్తిని మొదటి పేరుతోనే పిలుస్తారు. కనుక ఈ వ్యాసంలో ఇతనిని అబెబె అని పేర్కొనడం జరిగింది.

బాల్యం

అబెబె ఇథియోపియా మధ్యభాగంలోని షోవా ప్రాంతంలో జాటో అనే చిన్న గ్రామంలో జన్మించాడు. అదే రోజున లాస్ ఏంజిలెస్ ఒలింపిక్ క్రీడలలో మారథాన్ పరుగు జరగడం ఒక విశేషం. తల్లి పేరు వుడినెష్ బెనెబెరు, తండ్రి పేరు డెమిస్సి. వారిది పశువులు కాచుకుని, పొలం దున్నుకుని జీవించే సామాన్య కుటుంబం.

అబెబెకు మూడేళ్ళ వయసులో, 1935లో, ముస్సోలినీ పాలనలోని ఇటలీ సైన్యం ఇథియోపియాపై దండెత్తింది. 1936లో రాజధాని అడిస్ అబాబా ఇటలీ వశమయ్యింది. చక్రవర్తి హైలె సెలాసీ విదేశాలలో తలదాచుకున్నాడు. యుద్ధం కారణంగా అబెబె కుటుంబం కూడా స్వగ్రామం వదలి గొర్రో అనే మారుమూల ప్రాంతానికి వెళ్ళవలసి వచ్చింది. 1941లో ఇటలీ సేనలు ఓడిపోయి, చక్రవర్తి తిరిగి వచ్చిన తర్వాత గాని దేశం కుదుటపడలేదు.

ఆ ప్రాంతపు పిల్లలందరివలెనే అబెబె పశువులను తోలుకొని కొండలవెంట తిరిగాడు. గెనా అనే ఆట ఆడేవాడు. ఇది మన హాకీని పోలిన ఆట. అయితే రెండు గోల్ స్తంభాల మధ్య దూరం కొన్ని కిలోమీటర్ల వరకు కూడా ఉండవచ్చు. ఎత్తైన పీఠభూమిలో పుట్టి పెరగడం, చిన్ననాటి నుండి దూరాలు నడవడం, పరుగెత్తడం అతని ఊపిరితిత్తులకు, కాళ్ళకు, పాదాలకు సహజమైన శిక్షణ అయ్యింది.

సైన్యంలో చేరిక

అబెబె ఇరవై ఏళ్ళు నిండే నాటికి రాజధాని అడిస్ అబాబా చేరుకొన్నాడు. 1952 ప్రాంతంలో చక్రవర్తి అంగరక్షక దళంలోని 5వ పదాతి రెజిమెంటులో సిపాయిగా చేరాడు. అడిస్ అబాబా సముద్ర మట్టానికి సుమారు 2,300 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న నగరం. దానికి ఉత్తరాన సులుల్టా కొండలు మరింత ఎత్తున ఉంటాయి. 1950ల మధ్య కాలంలో అబెబె ప్రతిదినం సులుల్టా కొండల నుండి నగరం వరకు, తిరిగి నగరం నుండి కొండల వరకు పరుగెత్తేవాడు. ఇది రోజుకు సుమారు 20 కిలోమీటర్లు.

ఆ రోజులలో అంగరక్షక దళానికి వ్యాయామ శిక్షణ ఇచ్చేందుకు ఓన్ని నిస్కనెన్ అనే స్వీడన్ దేశస్థుడు నియమితుడయ్యాడు. ఇతడు ఫిన్లాండులో పుట్టి స్వీడన్‌లో స్థిరపడినవాడు. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తర్వాత ఇథియోపియా వచ్చాడు. అబెబెలోని ప్రతిభను గుర్తించి, అతనికి క్రమబద్ధమైన శిక్షణ ఇచ్చినది ఇతడే. అంతవరకు అలవాటుగా సాగుతున్న పరుగుకు నిస్కనెన్ ఒక పద్ధతి కల్పించాడు. వేగంగా కొంతదూరం, నెమ్మదిగా కొంతదూరం పరుగెత్తించడం, కొండలు ఎక్కించడం, గడియారం పట్టుకుని సమయం లెక్కించడం ఇందులో భాగాలు. ఇద్దరి మధ్యా గురుశిష్య సంబంధం జీవితాంతం కొనసాగింది.

1956లో జరిగిన సాయుధ దళాల పోటీలలో అబెబె రెండవ స్థానం పొందాడు. మొదటి స్థానం పొందినవాడు వామి బిరాటు. ఆ కాలంలో ఇథియోపియాలో ప్రసిద్ధుడైన పరుగువీరుడు ఇతడే. 1960 మార్చి 16న అబెబెకు యెవెబ్దార్ వోల్డె-గియోర్గిస్‌తో వివాహం జరిగింది. వీరికి నలుగురు సంతానం.

రోమ్ ఒలింపిక్స్ (1960)

1960 వేసవిలో అడిస్ అబాబాలో జరిగిన ఎంపిక పరుగులో అబెబె 2 గంటల 21 నిమిషాల 23 సెకండ్లలో మారథాన్ పూర్తిచేశాడు. ఇది 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఎమిల్ జటోపెక్ నెలకొల్పిన ఒలింపిక్ రికార్డు కంటె మెరుగైనది. సముద్ర మట్టానికి అంత ఎత్తున, ప్రాణవాయువు పలచగా ఉండే చోట సాధించిన సమయం కావడంతో దీని విలువ మరింత ఎక్కువ. అయితే ఇథియోపియా వెలుపల దీనిని ఎవరూ పట్టించుకోలేదు. రోమ్ మారథాన్ పరుగుకు నిస్కనెన్ ఇద్దరిని ఎంపిక చేశాడు - అబెబె బికిలా, అబెబె వాక్‌జిరా.

వామి బిరాటుకు దెబ్బ తగలడం వలన ఆఖరి నిమిషంలో అతనికి బదులుగా అబెబెను విమానం ఎక్కించారని ఒక కథ ప్రచారంలో ఉంది. కాని జీవితచరిత్రకారుడు టిమ్ జూడా పరిశోధన ప్రకారం ఇది నిజం కాదు. అబెబెను రోమ్‌కు పంపడం చాలా ముందుగానే ఆలోచించి, సిద్ధం చేసిన ఏర్పాటు.

బూట్లు లేకుండా ఎందుకు పరుగెత్తాడు?

అబెబె బీదతనం వలన బూట్లు కొనలేక ఉత్తి కాళ్ళతో పరుగెత్తాడని చాలామంది భావిస్తారు. ఇది సరికాదు. అతడు సైనికుడు, బూట్లు వేసుకోవడం అతనికి తెలియనిది కాదు. రోమ్ చేరిన తర్వాత కొత్త బూట్లు తీసుకున్నాడు. అవి పాదాలకు సరిగా అమరక బొబ్బలు లేచాయి. పోటీ దగ్గర పడింది. అలవాటు కాని బూట్లతో 42 కిలోమీటర్లు పరుగెత్తడం కంటె, బాల్యం నుండి అలవాటైన విధంగా ఉత్తి పాదాలతో పరుగెత్తడమే మేలని నిర్ణయం జరిగింది. కనుక ఇది పేదరికం గాని, ఒక సిద్ధాంతం గాని కాదు. పాదానికి సరిపడని బూటు వలన కలిగే హానిని తప్పించుకొనే ఉపాయం. ఏళ్ళ తరబడి కొండదారులలో గట్టిపడిన పాదాలు కావడం వలననే ఈ ఉపాయం ఫలించింది.

పరుగు

రోమ్ మారథాన్ 1960 సెప్టెంబర్ 10న జరిగింది. పగటి ఎండను తప్పించుకోవడానికి పరుగును సాయంకాలం ప్రారంభించారు. ఒలింపిక్ చరిత్రలో మొదటిసారిగా మారథాన్ పరుగు స్టేడియంలో ప్రారంభం కాలేదు, స్టేడియంలో ముగియలేదు. కాంపిడోలియో కొండ వద్ద మొదలై, నగరం బయటకు వెళ్ళి, పురాతనమైన అప్పియన్ రాజమార్గం గుండా తిరిగివచ్చి, కాన్‌స్టాంటైన్ విజయతోరణం వద్ద ముగిసే విధంగా మార్గం నిర్ణయించారు. మొత్తం 69 మంది పరుగు ప్రారంభించారు. బూట్లు లేని ఇథియోపియా సిపాయిని పోటీదారులు, పత్రికలవారు ఎవరూ పెద్దగా లెక్కచేయలేదు.

మొరాకో దేశానికి చెందిన రాదీ బెన్ అబ్దెసలామ్ ముఖ్యమైన ప్రత్యర్థి అని నిస్కనెన్ ముందుగానే హెచ్చరించాడు. అతని అంగీపై 26 అంకె ఉంటుందని చెప్పాడు. ఏ కారణం చేతనో రాదీ ఆ రోజు 185 అంకెతో పరుగెత్తాడు. అబెబె అంకె 11. సగం దూరం రాకముందే అబెబె, 185వ అంకె గల వ్యక్తి మిగిలినవారిని వెనుకకు నెట్టివేశారు. తన ప్రక్కన పరుగెత్తుతున్నవాడే రాదీ అని అబెబెకు తెలియదు. 26వ అంకె గలవాడు ఇంకా ముందున్నాడేమోనని అతడు వెతుకుతూనే ఉన్నాడు.

చీకటి పడింది. అప్పియన్ మార్గం రాళ్ళు పరచిన ఎగుడుదిగుడు బాట. దానికి ఇరువైపులా ఇటలీ సైనికులు కాగడాలు పట్టుకుని వెలుగు చూపారు. ఆ రాళ్ళమీద ఉత్తి పాదాలతో అబెబె, ప్రక్కనే రాదీ, ఇద్దరే సుమారు ఇరవై కిలోమీటర్లు కలిసి పరుగెత్తారు.

పరుగు చివరి భాగంలో పోర్టా కపేనా కూడలిలో అక్సుమ్ శిలాస్తంభం ఉండేది. ఇది ఇథియోపియాకు చెందిన ప్రాచీన స్మారకం. 1937లో ఇటలీ సేనలు దీనిని అక్సుమ్ నగరం నుండి రోమ్‌కు తరలించాయి. ముందురోజులలో మార్గాన్ని పరిశీలించినపుడే, గమ్యం దగ్గర పడినదనడానికి గుర్తుగా అబెబె, నిస్కనెన్ ఈ స్తంభాన్ని ఎంచుకున్నారు. ఆ ప్రాంతానికి వచ్చిన తర్వాత అబెబె వేగం పెంచి రాదీని వెనుకకు వదలివేశాడు.

అబెబె 2 గంటల 15 నిమిషాల 16.2 సెకండ్లలో గమ్యం చేరాడు. రాదీ 25 సెకండ్ల తేడాతో రెండవ స్థానం పొందాడు. న్యూజీలాండ్‌కు చెందిన బారీ మాగీ మూడవవాడు. జటోపెక్ ఒలింపిక్ రికార్డు దాదాపు ఎనిమిది నిమిషాల తేడాతో తుడిచిపెట్టుకుపోయింది. 1958లో సోవియట్ యూనియన్‌కు చెందిన సెర్గీ పొపోవ్ సాధించిన ప్రపంచ అత్యుత్తమ సమయం కూడా సెకండు కంటె తక్కువ తేడాతో బద్దలయ్యింది. రెండవ ఇథియోపియా క్రీడాకారుడు అబెబె వాక్‌జిరా ఏడవ స్థానం పొందాడు. పరుగు ముగించిన అబెబె నేలపై పడిపోలేదు, ఆయాసపడలేదు. ఏమీ జరగనట్లు కాళ్ళు చేతులు కదిలిస్తూ వ్యాయామం చేశాడు.

పాతికేళ్ళ క్రితం తన దేశాన్ని ఆక్రమించిన దేశపు రాజధానిలో, కాగడాల వెలుగులో, ఒక ఇథియోపియా సిపాయి విజేతగా నిలవడం ఆఫ్రికా అంతటా ఉత్సాహాన్ని కలిగించింది. ఆ ఒక్క 1960 సంవత్సరంలోనే పదిహేడు ఆఫ్రికా దేశాలు స్వాతంత్ర్యం పొందాయి. భారతీయ పాఠకులకు ఈ ఒలింపిక్స్ మరొక విధంగా జ్ఞాపకం: 400 మీటర్ల పరుగులో మిల్ఖా సింగ్ నాలుగవ స్థానంలో నిలిచి కొద్దిలో పతకం పోగొట్టుకున్నది ఈ రోమ్ క్రీడలలోనే, అబెబె విజయానికి నాలుగు రోజుల ముందు.

స్వదేశానికి తిరిగివచ్చిన అబెబెకు ఘన స్వాగతం లభించింది. చక్రవర్తి అతనికి స్టార్ ఆఫ్ ఇథియోపియా పతకం ఇచ్చి, కార్పొరల్ హోదాకు పెంచాడు.

రెండు ఒలింపిక్స్ మధ్య

1960 డిసెంబర్‌లో చక్రవర్తి విదేశీ పర్యటనలో ఉండగా అంగరక్షక దళాధిపతి మెంగిస్తు నెవాయ్ నాయకత్వంలో తిరుగుబాటు జరిగింది. అది విఫలమయ్యింది. అబెబె ఇందులో పాల్గొనలేదు. అయినా ఆ దళానికి చెందినవాడు కావడం వలన కొంతకాలం నిర్బంధంలో ఉండవలసి వచ్చింది.

1961లో అబెబె ఏథెన్స్, ఒసాకా, కోషిట్సె నగరాలలో జరిగిన మూడు మారథాన్ పరుగులను గెలిచాడు. ఏథెన్స్‌లో మరల బూట్లు లేకుండా పరుగెత్తాడు. అంతర్జాతీయ పోటీలలో అతడు ఉత్తి పాదాలతో పరుగెత్తినది ఈ రెండు సార్లే - రోమ్, ఏథెన్స్. ఒసాకా నుండి ప్రతి అంతర్జాతీయ పోటీలోనూ బూట్లు ధరించాడు. బూట్లు లేని వీరుడు అని లోకం పిలిచిన వ్యక్తి తన క్రీడా జీవితంలో అత్యధిక భాగం బూట్లతోనే పరుగెత్తాడన్న విషయం చాలామందికి తెలియదు.

1963 ఏప్రిల్‌లో అమెరికాలోని బోస్టన్ మారథాన్‌లో అబెబె, మరొక ఇథియోపియా క్రీడాకారుడు మామో వోల్డె చాలాదూరం అందరికంటె ముందు పరుగెత్తారు. కాని చలిగాలికి, న్యూటన్ కొండల ఎత్తుపల్లాలకు ఇద్దరూ అలసిపోయారు. అబెబె 2 గంటల 24 నిమిషాల 43 సెకండ్లతో ఐదవ స్థానం పొందాడు. పూర్తిచేసిన అంతర్జాతీయ మారథాన్ పరుగులలో అతడు గెలవనిది ఇదొక్కటే.

టోక్యో ఒలింపిక్స్ (1964)

టోక్యో మారథాన్ 1964 అక్టోబర్ 21న జరగవలసి ఉంది. సెప్టెంబర్ 16న, అంటే సరిగా ఐదు వారాల ముందు, అబెబెకు అపెండిసైటిస్ శస్త్రచికిత్స జరిగింది. అతడు టోక్యో వెళ్ళినా పరుగెత్తగలడని ఎవరూ అనుకోలేదు. అయితే అతడు కొద్ది రోజులలోనే లేచి నడవసాగాడు. తరువాత మెల్లగా పరుగు అభ్యాసం మొదలుపెట్టాడు.

టోక్యోలో అబెబె 17వ అంకె ధరించాడు. కాళ్ళకు తెల్లని మేజోళ్ళు, పూమా బూట్లు వేసుకున్నాడు. మొదటి కొన్ని కిలోమీటర్లు గుంపులో ఉండి, తరువాత ముందుకు వచ్చాడు. సగం దూరం దాటిన తర్వాత అతనికి పోటీ లేకుండా పోయింది. స్టేడియంలోకి ఒంటరిగా ప్రవేశించి 2 గంటల 12 నిమిషాల 11.2 సెకండ్లలో పరుగు ముగించాడు. అదే సంవత్సరం జూన్‌లో ఇంగ్లండుకు చెందిన బాసిల్ హీట్లీ సాధించిన ప్రపంచ అత్యుత్తమ సమయం కంటె ఇది నిమిషం నలభై సెకండ్లకు పైగా మెరుగైనది. రోమ్‌లో తాను సాధించిన సమయం కంటె మూడు నిమిషాలు మెరుగైనది.

గమ్యం చేరిన తర్వాత అబెబె మైదానం మధ్య పచ్చికలో వెల్లకిలా పడుకుని, కాళ్ళు పైకెత్తి, వ్యాయామం చేయసాగాడు. రెండవవాడు వచ్చేసరికి నాలుగు నిమిషాలు పట్టింది. జపాన్‌కు చెందిన కోకిచి త్సుబురయా రెండవవాడుగా స్టేడియంలోకి వచ్చినా, చివరి క్షణాలలో హీట్లీ అతనిని దాటి రజతం పొందాడు. కాన్ ఇచికావా దర్శకత్వంలో 1965లో విడుదలైన టోక్యో ఒలింపియాడ్ చిత్రంలో అబెబె పరుగు దృశ్యాలు చూడవచ్చు. తల కదలకుండా, భుజాలు బిగించకుండా, తేలికగా పాదం మోపి పరుగెత్తే అతని తీరు ఇప్పటికీ శిక్షకులు ఉదహరిస్తుంటారు.

ఈ విజయం తరువాత అబెబెకు లెఫ్టినెంట్ హోదా, ఒక ఇల్లు, ఒక తెల్లని ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు బహుమానంగా లభించాయి.

గాయాలు, మెక్సికో ఒలింపిక్స్ (1968)

1965లో జపాన్‌లోని ఒట్సు, 1966లో స్పెయిన్‌లోని జరౌత్స్ మరియు దక్షిణ కొరియాలో ఇంచియాన్ నుండి సియోల్ వరకు జరిగిన పరుగులను అబెబె గెలిచాడు. 1967లో మరల జరౌత్స్‌లో పరుగెత్తుతుండగా తొడ వెనుక కండరం దెబ్బతిని, పోటీ నుండి విరమించుకున్నాడు. అక్కడినుండి అతని కాళ్ళు పూర్వపు స్థితికి రాలేదు.

1968 మెక్సికో ఒలింపిక్స్‌కు ముందు ఎడమకాలిలో నొప్పి మొదలయ్యింది. మోకాలి క్రింద ఉండే ఫిబులా అనే సన్నని ఎముక చిట్లినట్లు వైద్యులు కనుగొన్నారు. అయినా అబెబె పరుగు ప్రారంభించి, సుమారు 16 కిలోమీటర్ల తర్వాత మానుకున్నాడు. అతని సహచరుడు మామో వోల్డె గెలవడంతో మారథాన్ స్వర్ణం వరుసగా మూడవసారి ఇథియోపియాకే దక్కింది. అబెబె ఈ పరుగు తర్వాత కెప్టెన్ హోదా పొందాడు. అతడు మరల మారథాన్ పరుగెత్తలేదు. మొత్తం మీద పాల్గొన్న 16 మారథాన్ పరుగులలో 12 గెలిచాడు.

ప్రమాదం, తరువాతి జీవితం

1969 మార్చి 22 రాత్రి అబెబె తన ఫోక్స్‌వ్యాగన్ కారు నడుపుతుండగా అది అదుపు తప్పి బోల్తాపడింది. అతడు కారులో చిక్కుకుపోయాడు. మెడ వద్ద వెన్నుపూసలు దెబ్బతిని, కాళ్ళు, చేతులు కూడా కదలలేని స్థితి ఏర్పడింది. వారం రోజుల తర్వాత అతనిని ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రికి తరలించారు. లుడ్విగ్ గుట్‌మాన్ అనే వైద్యుడు స్థాపించిన వెన్నెముక గాయాల విభాగం ఈ ఆసుపత్రిలో ఉంది. నేటి పారాలింపిక్ క్రీడలకు బీజం పడినది ఇక్కడే. అబెబె ఇక్కడ ఎనిమిది నెలలు చికిత్స పొందాడు. రాణి రెండవ ఎలిజబెత్ వచ్చి అతనిని పరామర్శించింది. క్రమంగా చేతులలో కదలిక వచ్చింది. కాళ్ళలో మాత్రం రాలేదు.

అబెబె ఆటలను వదలలేదు. 1970లో స్టోక్ మాండెవిల్ క్రీడలలో విలువిద్య పోటీలో పాల్గొన్నాడు. 1971లో నార్వేలో వికలాంగుల క్రీడలకు అతిథిగా వెళ్ళి, విలువిద్య, టేబుల్ టెన్నిస్ ఆడడమే కాక, మంచుపై 25 కిలోమీటర్ల స్లెడ్జి బండి పందెం గెలిచాడు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌కు విశిష్ట అతిథిగా ఆహ్వానం అందుకున్నాడు. చక్రాల కుర్చీలో ఉన్న అతనిని చూసి ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ సంవత్సరపు మారథాన్ విజేత, అమెరికాకు చెందిన ఫ్రాంక్ షార్టర్, పతకం అందుకున్న తర్వాత అబెబె దగ్గరకు వెళ్ళి కరచాలనం చేశాడు.

1973 అక్టోబర్ 25న మెదడులో రక్తస్రావం వలన అబెబె అడిస్ అబాబాలో మరణించాడు. అప్పటికి అతని వయసు 41 సంవత్సరాలు. నాలుగేళ్ళ క్రితపు ప్రమాదమే ఇందుకు మూలమని భావించారు. అంత్యక్రియలు సైనిక లాంఛనాలతో జరిగాయి. సుమారు 65,000 మంది హాజరయ్యారని అంచనా. చక్రవర్తి జాతీయ సంతాప దినం ప్రకటించాడు. సెయింట్ జోసెఫ్ శ్మశానవాటికలో ఇతని సమాధి ఉంది.

అబెబె మరియు ఉత్తి పాదాల పరుగు

అబెబె కాలంలో పరుగు బూట్లు పలుచని అడుగుతో, తేలికగా ఉండేవి. మడమ క్రింద మందమైన మెత్త గల బూట్లు 1970లలో వ్యాపించాయి. ఆ తర్వాత కూడా పరుగెత్తేవారిలో మోకాలు, పిక్క, మడమ నొప్పులు తగ్గలేదు. దీనితో పాదాన్ని సహజంగా పనిచేయనివ్వడమే మేలు కాదా అన్న ప్రశ్న తలెత్తింది. 2009లో క్రిస్టఫర్ మెక్‌డూగల్ రచించిన బోర్న్ టు రన్ పుస్తకంతో ఈ వాదం బాగా ప్రచారం పొందింది. రోమ్‌లో అబెబె విజయాన్ని ఈ వాదులు ప్రధాన నిదర్శనంగా చూపుతారు.

2010లో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ లీబర్‌మన్ బృందం నేచర్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. దాని సారాంశం ఇది. మెత్తని బూట్లు వేసుకున్నవారు పరుగులో ఎక్కువగా మడమను ముందు నేలకు తాకిస్తారు. అపుడు నేల నుండి ఒక్కసారిగా గట్టి దెబ్బ కాలిలోకి వెళుతుంది. బూట్లు లేకుండా పరుగెత్తే అలవాటు ఉన్నవారు తరచుగా పాదం ముందు భాగాన్ని లేదా పాదమంతటినీ మోపుతారు. అపుడు చీలమండ, పిక్క కండరాలు స్ప్రింగు వలె వంగి దెబ్బను తగ్గిస్తాయి.

అయితే తరువాతి పరిశోధనలు విషయం ఇంత సులభం కాదని తెలిపాయి. 2013లో ఉత్తర కెన్యాలోని దాసనాచ్ ప్రజలపై జరిపిన పరిశీలనలో, జీవితమంతా చెప్పులు లేకుండా తిరిగినవారు కూడా మామూలు వేగంలో ఎక్కువమంది మడమనే ముందు మోపుతున్నట్లు తేలింది. అదే సంవత్సరం మరొక పరిశోధనలో, అలవాటైన బూట్లు వదలి పది వారాలలో పలుచని బూట్లకు మారినవారిలో పాదపు ఎముకలలో వాపు లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. ముందు పాదం మోపినపుడు మోకాలిపై భారం తగ్గుతుంది. కాని ఆ భారం మాయం కాదు, పిక్కకు, మడమ వెనుక ఉండే స్నాయువుకు చేరుతుంది. ఐదువేళ్ళ బూట్లు తయారుచేసే వైబ్రమ్ సంస్థ తమ బూట్లు ఆరోగ్యానికి మేలు చేస్తాయని చేసిన ప్రచారంపై అమెరికాలో దావా నడిచి, 2014లో 37.5 లక్షల డాలర్లతో రాజీ జరిగింది. ఇదే సంస్థ ఒక రకం బూట్లకు బికిలా అని పేరు పెట్టినందుకు అబెబె కుటుంబం 2015లో దావా వేసింది. ఆలస్యంగా వేశారన్న కారణంతో న్యాయస్థానం 2016లో దానిని కొట్టివేసింది.

ఇథియోపియాలోనే ఈ ప్రశ్నకు మరొక పార్శ్వం ఉంది. ఆ దేశపు పీఠభూమిలో అగ్నిపర్వత ఎర్రమట్టి నేలలపై ఏళ్ళ తరబడి చెప్పులు లేకుండా తిరిగే రైతులకు పోడోకోనియోసిస్ అనే వ్యాధి వస్తుంది. చూడడానికి మన బోదకాలు వలె ఉంటుంది. కాని దోమకాటు వలన కాక, మట్టిలోని సూక్ష్మ కణాలు చర్మంలోకి చేరడం వలన వస్తుంది. చెప్పులు ధరించి, కాళ్ళు శుభ్రంగా కడుగుకుంటే ఇది రాదు. మన పల్లెలలో కొంకిపురుగులు కూడా ఉత్తి పాదాల ద్వారానే శరీరంలో ప్రవేశిస్తాయి. మధుమేహం వలన పాదాలలో స్పర్శ తగ్గినవారికి చిన్న గాయం కూడా ప్రమాదకరం కాగలదు. అందువలన ఉత్తి పాదాల పరుగు అందరికీ తగినది అనడానికి వీలులేదు.

అబెబె జీవితాన్ని పరిశీలిస్తే ఈ క్రింది విషయాలు తెలుస్తాయి:

* బూట్లు లేకుండా గెలిచాడు, బూట్లతో అంతకంటె వేగంగా గెలిచాడు. కనుక విజయానికి మూలం బూటులో గాని, బూటు లేకపోవడంలో గాని లేదు.
* పాదానికి అమరని బూటు, బూటు లేకపోవడం కంటె హానికరం.
* అతని పాదాలకు ఉత్తి నేల ఇరవై ఏళ్ళ అలవాటు. అలవాటు లేనివారు మార్పును చాలా నెమ్మదిగా, కొద్ది కొద్ది దూరాలతో చేసుకోవాలి.
* సహజంగా పరుగెత్తినవానికి కూడా గాయాలు తప్పలేదు. నొప్పి ఉన్నపుడు విశ్రాంతి అవసరమని 1967, 1968 సంవత్సరాల అనుభవం చెబుతుంది.

బూట్లు లేకుండా పరుగెత్తి పేరుపొందిన ఇతరులలో 1962 యూరోపియన్ క్రీడలలో 5,000 మీటర్లు గెలిచిన ఇంగ్లండు క్రీడాకారుడు బ్రూస్ టుల్లో, దక్షిణాఫ్రికాలో పుట్టిన జోలా బడ్ ముఖ్యులు. మన దేశంలో శివనాథ్ సింగ్ ఉత్తి పాదాలతో పరుగెత్తడానికి ప్రసిద్ధుడు. ఇతడు 1976 మాంట్రియల్ ఒలింపిక్ మారథాన్‌లో 11వ స్థానం పొందాడు. 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాలలో మారథాన్ పూర్తిచేశాడు.

స్మృతి

అడిస్ అబాబాలో ఒక స్టేడియానికి అబెబె బికిలా పేరు పెట్టారు. న్యూయార్క్ రోడ్ రన్నర్స్ సంస్థ 1978 నుండి దూరపు పరుగుకు సేవచేసినవారికి ఇతని పేరుతో పురస్కారం ఇవ్వసాగింది. కుమార్తె సిగె అబెబె రచించిన జీవితచరిత్ర 1996లో వెలువడింది. 2009లో ఇతని జీవితం ఆధారంగా ది అథ్లెట్ అనే చలనచిత్రం వచ్చింది. రోమ్ విజయానికి యాభై ఏళ్ళు నిండిన 2010లో, రోమ్ మారథాన్ గెలిచిన ఇథియోపియా క్రీడాకారుడు సిరాజ్ గెనా చివరి కొద్ది వందల మీటర్లు బూట్లు విప్పి, చేతబట్టుకొని పరుగెత్తి అబెబెకు నివాళి అర్పించాడు.

ఒలింపిక్ మారథాన్‌ను రెండుసార్లు గెలిచే ఘనత అబెబె తరువాత తూర్పు జర్మనీకి చెందిన వాల్డెమార్ సియర్పిన్‌స్కీ (1976, 1980), కెన్యాకు చెందిన ఎలియుడ్ కిప్‌చోగె (2016 రియో, 2021లో జరిగిన టోక్యో క్రీడలు) సాధించారు. పురుషుల మారథాన్‌లో ఇథియోపియాకు తరువాత 2000లో గెజహెన్యె అబెరా, 2024 పారిస్ క్రీడలలో తమిరాత్ టోలా స్వర్ణాలు తెచ్చారు. మహిళలలో 1996లో ఫతుమా రోబా, 2012లో టికి గెలానా గెలిచారు.

రోమ్ పరుగులో అబెబెకు గుర్తుగా నిలిచిన అక్సుమ్ శిలాస్తంభాన్ని ఇటలీ ప్రభుత్వం 2005లో ఇథియోపియాకు తిరిగి ఇచ్చివేసింది. 2008లో దానిని అక్సుమ్ నగరంలో పూర్వపు స్థానంలోనే తిరిగి నిలబెట్టారు.